కొబ్బరితోట సరే, ఫోన్‌పే ఎవరి వాటా?

వాటాలు తేల్చుకోవడంలో కోనసీమవాళ్లు పెట్టింది పేరు. గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిది, పెరట్లో పనస ఏ కొడుకుది, పుంతలో నడిచే హక్కు ఎవరెవరికి, బోదె నీళ్లు ముందు ఎవరి చేనికి... ఇవన్నీ నాలుగు హద్దులతో సహా దస్తావేజుకెక్కుతాయి. ఆ దస్తావేజు మీద సంతకం పెట్టిన పెద్దాయన జేబులో సెల్లు ఉంటుంది. అందులో రెండు బ్యాంకు ఖాతాలు, కాసిని మ్యూచువల్ ఫండ్లు, పదేళ్ల ఫొటోలు, మస్కట్ నుంచి కూతురు పెట్టిన వాయిస్ మెసేజీలు ఉంటాయి. వాటి హద్దులు మాత్రం ఎవరూ రాయించరు. ఆ రాయించని ఆస్తి గురించే ఈ విశేషాలు.

వాట్సాప్ వీలునామా

“ఇల్లు చిన్నోడికి, తోట పెద్దోడికి” అని ఓ పెద్దమనిషి వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పెట్టి కన్నుమూశాడనుకోండి. చెల్లదు. వీడియో తీసినా, ఈమెయిల్ పంపినా, డిజిటల్ సంతకం చేసినా అంతే. ఎలక్ట్రానిక్ పత్రాలకు గుర్తింపు ఇచ్చిన 2000 నాటి ఐటీ చట్టమే తన మొదటి షెడ్యూలులో వీలునామాను పక్కన పెట్టేసింది. 2022లో ఆ షెడ్యూలును సవరించి స్థిరాస్తి అమ్మకం ఒప్పందాలకు దారి తెరిచారు గానీ వీలునామా జోలికి పోలేదు. సెల్లులో ఉన్న ఆస్తిని పంచాలన్నా కాగితం, కలం పట్టాల్సిందే.

ఆ కాగితానికి చట్టం అడిగేది కొంచెమే. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం రాసినవారి సంతకమో వేలిముద్రో ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను మీ ఇష్టం. చేయిస్తే, “అది నాన్నగారి సంతకమే కాదు” అని రేపు ఎవరైనా లేచినప్పుడు జవాబు చెప్పడం తేలికవుతుంది.

అందులో పాస్‌వర్డులు మాత్రం వద్దు

రిజిస్టరైన వీలునామా నకలును, రాసినవారు బతికున్నంతకాలం వారికో వారి ఏజెంటుకో తప్ప ఇవ్వరు. వారు పోయాక దరఖాస్తు పెట్టుకున్న ఎవరికైనా ఇవ్వొచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను చెబుతోంది. అంటే మీ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు అందులో రాస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఫీజు కట్టినవాడికల్లా అది దొరుకుతుంది. పైగా పాస్‌వర్డును బ్యాంకు అస్తమానూ మార్చమంటుంది. దాంతోపాటు వీలునామా కూడా మార్చుకుంటూ పోయే మనిషి రాజోలు తాలూకా మొత్తంలో ఒక్కడున్నాడన్నా నేను నమ్మను. వీలునామాలో ఏ ఖాతా ఎవరికన్నది రాస్తే చాలు. తాళాల చిట్టా వేరే కాగితం మీద, వేరే చోట ఉండాలి.

బొటనవేలి ధీమా

“నాన్నగారూ, ఫోను లాకు ఏంటండీ?”

“నా వేలేనమ్మా. వేలుండగా నెంబరెందుకు?”

చాలా ఇళ్లలో నడిచే సంభాషణ ఇది. అయితే ఫోను ఒక్కసారి ఆగి మళ్లీ వెలిగితే వేలిముద్రను ఒప్పుకోదు, ముందు పిన్నో గీతల నమూనాయో అడుగుతుంది. ఆపకపోయినా ఆండ్రాయిడ్ ఫోన్లు మామూలుగా 72 గంటలకోసారి పిన్ అడుగుతాయి. ఐఫోను 48 గంటలు తెరవకపోతే అడుగుతుంది. పెద్దకార్యం దాకా అక్కర్లేదు, మూడో రోజుకే సెల్లు బిగుసుకుపోతుంది. మనిషి పోనక్కర్లేదు కూడా. పక్షవాతంతో కాకినాడ ఆసుపత్రిలో పడుకున్న మనిషి ఫోనుకూ ఇదే గతి. ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన డబ్బు ఆ ఫోనులోనే ఉంటుంది.

డబ్బా అరుస్తూనే ఉంటుంది

అంబాజీపేటలో ఓ కొబ్బరికాయల కొట్టు ఉందనుకుందాం. యజమాని పేరు మీద బ్యాంకులో కరెంటు ఖాతా, బల్ల మీద క్యూఆర్ కోడ్ అట్ట, పక్కన డబ్బు పడగానే అరిచే డబ్బా. ఆయన పోయారు. దినవారాలయ్యాక కొడుకు కొట్టు తెరిచాడు. వచ్చినవాళ్లు అలవాటుగా స్కాన్ చేస్తున్నారు. ఇన్ని రూపాయలు అందాయంటూ డబ్బా అలవాటుగానే అరుస్తోంది. ఆ రూపాయలు పడుతున్నది చనిపోయిన మనిషి ఖాతాలో. బ్యాంకుకు చెబితే ఖాతా ఆగిపోతుంది, బల్ల మీది అట్ట పనికిరాకుండా పోతుంది. చెప్పకపోతే డబ్బు పడుతూనే ఉంటుంది గానీ దాన్ని తీసే హక్కు కొడుక్కి లేదు.

ఇలాంటప్పుడు మనవాళ్లు చేసే పని ఊరందరికీ తెలుసు. ఏటీఎం కార్డు ఉంది, పిన్ తెలుసు, రోజుకింత చొప్పున లాగేయడమే. బ్యాంకువాడు వెంటనే పట్టుకోడు, నిజమే. పట్టుకునేది అక్క. వాటాల తగువు కోర్టు దాకా వెళ్లిన రోజున, మరణ ధ్రువపత్రంలోని తేదీ తర్వాత జరిగిన విత్‌డ్రాయల్సన్నీ బ్యాంకు స్టేట్‌మెంటులో వరసగా కూర్చుని ఉంటాయి.

తిన్నని దారి మునుపటంత ముళ్లదారి కూడా కాదిప్పుడు. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్ ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తర్వాత ఒకరు. అదే ఏడాది సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు ఇంకా గట్టివి. 2026 మార్చి 31కల్లా బ్యాంకులన్నీ వీటిని అమలు చేయాలని గడువు పెట్టింది. వాటి ప్రకారం కావలసిన కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో సొమ్ము ఇచ్చేయాలి. తమ వల్ల ఆలస్యమైతే బ్యాంకు రేటుకు 4 శాతం కలిపి పరిహారం కట్టాలి. నామినీ ఉంటే ఎంత మొత్తమైనా వారసత్వ ధ్రువపత్రం అడగకూడదు. నామినీ లేకపోయినా తగువు లేనిచోట వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా కోర్టు కాగితం లేకుండానే పని జరగాలి. కౌంటరులో గుర్తుచేయాల్సి రావచ్చు, ఈ అంకెలు రాసి ఉంచుకోండి.

నామినీగారు యజమాని కారు

నామినీ అంటే సొమ్ము అందుకుని అసలు వారసులకు అప్పజెప్పే మనిషి. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరు 14న శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. జీవిత బీమాలో మాత్రం పద్ధతి మారింది. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులనో, భార్యనో, భర్తనో, పిల్లలనో నామినీగా రాస్తే ఆ సొమ్ము వాళ్లకే చెందుతుంది.

ఇక చాలామందికి మింగుడుపడని సంగతి ఒకటుంది. వీలునామా రాయకుండా హిందూ పురుషుడు పోతే 1956 చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి వరసలో సమానంగా నిలబడతారు. తండ్రి ఆ వరసలో లేడు. దుబాయ్‌లో పనిచేసే కుర్రాడు పెళ్లికి ముందు డీమ్యాట్ ఖాతా తెరిచి నాన్నను నామినీగా పెట్టాడు. పెళ్లయింది, పిల్లాడు పుట్టాడు, నామినీ పేరు మారలేదు. అతనికి జరగరానిది జరిగితే షేర్లు నాన్న చేతికొస్తాయి, హక్కు భార్యాబిడ్డలకూ అమ్మకూ ఉంటుంది. ఇలాంటి చోట చట్టం కన్నా ముందు వియ్యాలవారి మధ్య మాటలు ఆగిపోతాయి.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో వాటా ఇచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది. దేశమంతటికీ వచ్చింది 2005లో. అంత ముందు నుంచీ హక్కు ఉన్న ఊళ్లలో కూడా, నాన్న ఫోనులోని ఫండ్ల సంగతి ఎత్తితే “అవన్నీ అన్నయ్య చూసుకుంటాడులెండి” అనే ఆడపడుచులు కనబడుతూనే ఉంటారు.

కువైట్‌లో కూతురు, సఖినేటిపల్లిలో సిమ్ము

2023 జనవరిలో, విదేశీ మొబైల్ నెంబరుతోనే ప్రవాసులు యూపీఐ వాడుకునే వీలు కల్పించారు. పది దేశాలతో మొదటి జాబితా వచ్చింది. ఒమన్, ఖతార్, సౌదీ, ఎమిరేట్స్ ఉన్నాయి. మన రాజోలు, అమలాపురం వైపు ఆడవాళ్లు ఎందరో వెళ్లిన కువైట్ అందులో లేదు.

అందుకే ఇండియా సిమ్ము ఇంటి దగ్గరే ఉండిపోతుంది. అమ్మ దాన్ని పాత బటన్ల ఫోనులో వేసి, బియ్యం డబ్బా పక్కన పెట్టి, నెల నెలా రీచార్జి చేయిస్తుంటుంది. ఓటీపీ రాగానే ఇమోలో ఫోను చేసి ఒక్కొక్క అంకే చదివి చెబుతుంది. కువైట్‌లో సంపాదించిన సొమ్మంతటికీ తాళంచెవి ఆ బటన్ల ఫోనే. ఎస్బీఐ మేనేజరుకు తెలియదు, చట్టానికీ తెలియదు, అమ్మకు తెలుసు.

ఆ అమ్మ కన్నుమూసి, రీచార్జి ఆగిపోయిందనుకోండి. మూడు నెలలు వాడకపోతే ప్రీపెయిడ్ నెంబరు రద్దయ్యే దారిలో పడుతుంది. రద్దయ్యాక కనీసం 90 రోజులు దాన్ని ఇంకొకరికి ఇవ్వరు. ఆ తర్వాత ఇస్తారు. ఈలోగా వాట్సాప్ తన లెక్కలో తానుంటుంది, 120 రోజులు కదలిక లేని ఖాతాను తీసేస్తుంది. పోయినవాళ్ల సొంత నెంబరుదీ ఇదే గతి, దాని మీద ఏదో ఒక రోజు తెలియని కుర్రాడి బొమ్మ, బైకు మీద కూర్చుని కళ్లద్దాలతో, ప్రత్యక్షమవుతుంది. ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడటం ఒక ఎత్తు, బ్యాంకు ఓటీపీలు ఆ కుర్రాడికి వెళ్లడం ఇంకో ఎత్తు. కాబట్టి మనిషి పోగానే సిమ్ము తీసి పారేయకండి. ఖాతాలన్నీ తేలేదాకా రీచార్జి నడిపించండి. మరణ ధ్రువపత్రం, వారసుల ఆధారాలు పట్టుకుని కంపెనీ స్టోరుకు వెళ్తే నెంబరును పేరు మార్పించుకోవచ్చు.

ఆధార్ నెంబరుకు మాత్రం ఈ బెడద లేదు, ఒకరిది ఎన్నటికీ ఇంకొకరికి ఇవ్వరు.

గూగుల్ అడిగే ప్రశ్న

“మీరు కనబడకపోతే ఎవరికి చెప్పమంటారు?” అని గూగుల్ 2013 నుంచీ అడుగుతోంది. ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే అమరిక అది. 3, 6, 12, 18 నెలల్లో ఒక గడువు ఎంచుకోవచ్చు. అన్నాళ్లు ఖాతాలో అలికిడి లేకపోతే మీరు రాసిన మనుషులకు, పది మంది దాకా, కబురు వెళ్తుంది. ఎవరికి ఫొటోలు, ఎవరికి మెయిళ్లు అన్నది కూడా మీరే పంచిపెట్టొచ్చు. ఏ ఏర్పాటూ చేయకుండా రెండేళ్లు వదిలేసిన ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేయడం మొదలుపెట్టింది. మనవరాలి బారసాల ఫొటోలు తాతగారి జీమెయిల్‌లో మాత్రమే ఉంటే ఆ గడువు ఆ ఇంటికి ముఖ్యం.

ఆపిల్ 2021 చివర్లో లెగసీ కాంటాక్ట్ తెచ్చింది. ఐదుగురిని పెట్టుకోవచ్చు. వాళ్లు మీరిచ్చిన తాళపు కోడ్‌నూ మరణ ధ్రువపత్రాన్నీ చూపితే మూడేళ్లపాటు ఫొటోలూ ఫైళ్లూ అందుతాయి. దాచుకున్న పాస్‌వర్డులు, కొనుక్కున్న సినిమాలు మాత్రం అందవు. ఫేస్‌బుక్‌లో 2015 నుంచి ఒకరిని పెట్టుకునే వీలుంది. వాళ్లు పోయినవారి పేజీలో బొమ్మ మార్చగలరు, ఒక మాట రాయగలరు, మెసేజీలు మాత్రం చదవలేరు. మంచిదే. అన్నీ పిల్లలు చదవాల్సినవి కావు.

వందల కొద్దీ పుట్టినరోజు శుభాకాంక్షలు పోయిన మాస్టారి గోడ మీద ప్రతి ఏటా పడుతుంటాయి కదా. కొత్తవాళ్లు చేరడం ఆగిపోతే యాభై ఏళ్లలో ఫేస్‌బుక్‌లో ఉన్నవాళ్ల కన్నా పోయినవాళ్లే ఎక్కువ కావచ్చని 2019లో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు లెక్కగట్టారు.

జైపూర్‌లో పోయిన ఇంకో కాటన్

గోదావరి జిల్లాల్లో కాటన్ అంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దొరే. ఇతను వేరు. జెరాల్డ్ కాటన్, కెనడావాడు, క్వాడ్రిగా అనే క్రిప్టో కంపెనీ అధిపతి. 2018 డిసెంబరులో జైపూర్‌కు వచ్చి, జబ్బుపడి, ముప్ఫై ఏళ్లకే కన్నుమూశాడు. కంపెనీ తాళాలన్నీ అతని దగ్గరే ఉన్నాయని ప్రకటించారు. సుమారు 76 వేల మంది ఖాతాదారుల సొమ్ము చిక్కుకుపోయింది. అంతకు కొద్దిరోజుల ముందే అతను వీలునామా రాశాడు. తన రెండు కుక్కపిల్లల పోషణకు లక్ష కెనడా డాలర్లు కేటాయించాడు. తాళాలెక్కడున్నాయో చెప్పే కాగితం మాత్రం దొరకలేదు. తీరా తవ్వితే తాళం పోయిన పెట్టెల్లో పెద్దగా సరుకే లేదు. ఆ నష్టంలో చాలా భాగం అతని మోసం వల్లనేనని 2020లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది.

ఉత్తరాల కోసం కోర్టుకు

జస్టిన్ ఎల్స్‌వర్త్ అనే అమెరికా సైనికుడు 2004లో ఇరాక్‌లో చనిపోయాడు. కొడుకు ఈమెయిళ్లు ఇవ్వమని తండ్రి అడిగితే యాహూ కుదరదంది. 2005లో మిషిగన్ కోర్టు ఆదేశించాకే ఇచ్చింది. జర్మనీలో 15 ఏళ్ల అమ్మాయి 2012లో రైలు కింద పడి పోయింది. ఎందుకలా జరిగిందో తెలుసుకోవాలని తల్లిదండ్రులు ఫేస్‌బుక్‌తో ఏళ్ల తరబడి పోరాడారు. డైరీలూ ఉత్తరాలూ వారసులకు చెందినట్టే ఖాతా కూడా చెందుతుందని 2018 జులై 12న అక్కడి అత్యున్నత కోర్టు తీర్పు చెప్పింది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్నవాళ్లకు ఒక మాట. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా చట్టంలో ఆ కంపెనీ యాప్‌లో మీరు చేసిన ఏర్పాటుకే మొదటి పీట. వీలునామాది దాని తర్వాతి స్థానం. మన దగ్గర డిజిటల్ ఆస్తి వారసత్వానికి ప్రత్యేక చట్టమేదీ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 14వ సెక్షను మాత్రం, మరణించినా అశక్తులైనా తమ సమాచారంపై హక్కులు వాడేందుకు ఒకరిని నామినేట్ చేసుకోవచ్చంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా.

మస్తానమ్మ, నారాయణరెడ్డి, బాలు

పుచ్చకాయలో కోడికూర వండి లోకాన్ని నోరెళ్లబెట్టించిన గుంటూరు జిల్లా మస్తానమ్మ 2018 డిసెంబరులో పోయే నాటికి ‘కంట్రీ ఫుడ్స్’ ఛానెల్‌కు 12 లక్షల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు ఉండేవారు. నూరేళ్లు దాటిన ముసలమ్మ పేరు మీద పొలాలేమీ చెప్పుకోలేదెవరూ, ఆ వంటలే ఆమె వదిలివెళ్లిన ఆస్తి. తెలంగాణకు చెందిన ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణరెడ్డి 2019 అక్టోబరు 27న పోయారు. ఆయన వండింది అనాథ పిల్లల కోసం. పోయాక కుటుంబం ఆ ఛానెల్‌ను కొనసాగించింది. కాబట్టి పూతరేకులనో, చేపల పులుసునో వండి ఛానెల్ నడిపే ఆత్రేయపురం, కొత్తపేట వాళ్లూ, దాన్ని ఒక్కరి జీమెయిల్‌కే కట్టేయకండి. బ్రాండ్ ఖాతాగా మార్చి ఇంట్లో ఇంకొకరిని కూడా యజమానిగా చేర్చుకునే వీలుంది.

గొంతు కూడా వారసత్వమేనా? ‘కీడా కోలా’ సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును తమ అనుమతి లేకుండా కృత్రిమ మేధతో సృష్టించారంటూ కొడుకు చరణ్ 2024 మొదట్లో నోటీసు పంపారు. దాదాపు అదే సమయంలో ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను వారి కుటుంబాల అనుమతితో, ప్రతిఫలమిచ్చి వాడుకున్నానని చెప్పారు. నా దృష్టిలో రెండోదే మర్యాద.

ఫేస్‌బుక్‌లో కథలూ కవితలూ రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. ఖాతా మూతబడితే హక్కు ఉంటుంది గానీ రచనే ఉండదు.

కాగితమా, క్లౌడా?

కోనసీమకు రెండు అనుభవాలున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో ఇళ్లతోపాటు ట్రంకుపెట్టెల్లోని దస్తావేజులు, పెళ్లి ఫొటోలు నీళ్లపాలయ్యాయి. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం పొరుగు ఊళ్లకు పరుగులు తీశారు. కాగితాన్ని నమ్మినవాళ్లూ మునిగారు, నెట్‌ను నమ్మినవాళ్లూ మునిగారు. రెండు చోట్లా ఒక్కో ప్రతి ఉంచుకోవాల్సిందే.

ఎవరూ అడగని డబ్బు

పదేళ్లు కదలిక లేని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి. అలా పోయినా హక్కు పోదు. 2023 ఆగస్టులో వచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో తాతగారి పేరు కొట్టి వెతకొచ్చు. డిజిలాకరులోనూ నామినీని పెట్టుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి షేర్లు, మ్యూచువల్ ఫండ్ల వివరాలు అందులోకి తెచ్చుకునే వీలుంది. ఖాతాదారు పోయినట్టు నమోదయితే నామినీకి దానంతటదే సమాచారం వెళ్తుంది.

సంక్రాంతికి పిల్లలు ఎలాగూ దిగుతారు. ప్రభల తీర్థానికి బయలుదేరే ముందు ఓ గంట కూర్చోబెట్టి, ఏ బ్యాంకు, ఏ యాప్, ఏ నెంబరు, ఏ మెయిల్, నామినీ ఎవరు అన్నవి ఒక కాగితం మీద రాయండి. పిన్ నెంబర్లు అందులో కలపకుండా విడిగా కవరులో అంటించి బీరువాలో పెట్టండి. కవరు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. ఆ ఇద్దరిలో ఒకరు మీ అమ్మాయి అయితే మరీ మంచిది.